గోడ తీసిన వంటింట్లోకి ఏ సామాను ముందు?
కరెంటు, నీరు, రిపేరు చూసుకున్నాకే కొనుగోలు మేలు

కుందుర్పి, (మన విలేకరి): పాత మిద్దెలు తీసి స్లాబు ఇళ్లు వేసుకుంటున్న వారిలోను, ఉన్న ఇళ్లకే మరమ్మతులు చేయించుకుంటున్న వారిలోను ఇటీవల ఒక కొత్త పద్ధతి కానవస్తోంది. వంటింటికీ హాలుకూ నడుమ గోడ తీసివేసి, రెంటినీ ఒకే గదిగా మార్చుకుంటున్నారు. పట్టణాల్లో దీనిని ఓపెన్ కిచెన్ అంటారు. వానలు లేక బెంగుళూరుకు వలసపోయి, అక్కడ అపార్టుమెంట్లు కట్టి వచ్చిన మన ప్రాంతపు మేస్త్రీలకు ఈ నమూనా కొత్త కాదు.

చిన్న ఇళ్లవారికి ఇది షోకు కాదు, అవసరం కూడా. 2016లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకంలో ఇంటి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. అంటే సుమారు 270 చదరపు అడుగులు. అందులోనే వంటకు చోటు ఉండాలి. అంత చిన్న ఇంట్లో మధ్య గోడ ఒకటి తగ్గితే గాలి, వెలుతురు వస్తాయి. వంట చేసే మనిషి ఒక మూల చీకట్లో ఒంటరిగా మగ్గవలసిన పని తప్పుతుంది.

గోడ తీయడం వరకు మేస్త్రీ పని. ఆ తరువాత అందులోకి ఏ సామాను తేవాలన్నది ఇంటివారి పని. అసలు చిక్కు ఇక్కడే వస్తోంది. కళ్యాణదుర్గంలోనో, అనంతపురంలోనో షాపుకు వెళితే అన్నీ తళతళలాడుతూ కనిపిస్తాయి. షాపులో కరెంటు పోదు, నీటి కరువు ఉండదు, మిక్సీ కాలిపోదు. మన ఊళ్లో సంగతి వేరు. అందుచేత ఏ సామానుకైనా ధర అడిగే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీనిని నడిపే కరెంటు మన ఇంటి వైర్లు మోయగలవా? దీనికి కావలసిన నీరు మన కొళాయిలో వస్తుందా? చెడిపోతే బాగుచేసేవాడు బస్సు ఎక్కి వెళ్లి వచ్చేంత దూరంలో ఉన్నాడా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ సామాను నాలుగు నెలల్లో మూలన చేరి, మీద బట్ట కప్పించుకుంటుంది. కంతులు మాత్రం ఆగవు.

పొగకు దారి ముందు

గోడ లేని వంటిల్లు పుట్టింది మన దేశంలో కాదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1926లో మార్గరెటె షుట్టె లిహోట్స్కీ అనే మహిళా ఆర్కిటెక్టు, ఇల్లాలు ఎన్ని అడుగులు వేస్తోందో లెక్కించి చిన్న వంటిల్లు రూపొందించారు. అయితే అది గోడలున్న గదే. 1930 దశకంలో అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ వంటి ఆర్కిటెక్టులు వంటింటిని హాలులో కలిపివేశారు. వారి వంటలో ఓవెన్‌లో కాల్చడం, నీళ్లలో ఉడికించడం ఎక్కువ. మన వంటలో ఎండుమిరపకాయలతో తిరగవాత వేయనిదే పప్పు దిగదు. ఆ ఘాటు గోడ ఉన్నప్పుడు వంటింట్లో ఒక్కరినే దగ్గించేది. గోడ తీశాక హాలులో పడుకున్న ముసలివారినీ, పసిపిల్లలనూ దగ్గిస్తుంది.

కట్టెల పొయ్యి మాట మరీ ముఖ్యం. గ్యాసు వచ్చినా కంది కట్టె, తుమ్మ కంప చేతికి అందుబాటులో ఉన్నాయి గనుక నీళ్లు కాచుకోవడానికి, సంగటికి కట్టెల పొయ్యిని విడవని ఇళ్లున్నాయి. ఇంటి పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది అకాలమరణం పాలైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. గోడ తీసిన ఇంట్లో కట్టెల పొయ్యిని లోపల ఉంచడం ఎంతమాత్రం తగదు. దానిని పెరట్లోకి, రేకుల పందిరి కిందకు మార్చాలి. కట్టెల పొయ్యి తప్పనివారు పొగగొట్టం పొయ్యి వేయించుకోవడం మంచిది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో ప్రారంభమైన ఆస్ట్రా విభాగం వారు, మనకు పొరుగునే ఉన్న తుమకూరు జిల్లాలోని ఉంగ్ర గ్రామంలో పనిచేస్తూ ‘ఆస్ట్రా ఒలె’ అనే పొగ రాని పొయ్యిని రూపొందించారు. ఒలె అంటే కన్నడంలో పొయ్యి. తక్కువ కట్టెలతో మూడు గిన్నెలు కాగడం, పొగ గొట్టం గుండా బయటికి పోవడం దాని విశేషం.

ఇక గ్యాసు పొయ్యి మీద బిగించే ఎలక్ట్రిక్ చిమ్నీల సంగతి. గంటకు ఇన్ని ఘనపు మీటర్ల గాలిని లాగుతుందని దాని పెట్టె మీద ఉంటుంది. గదిలోని గాలిని గంటకు పది సార్లు మార్చేటంత శక్తి ఉండాలన్నది సాధారణ లెక్క. వంటిల్లు 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉంటే 1,200 ఘనపు అడుగులు. అంటే 34 ఘనపు మీటర్లు. దానికి 340 శక్తి గల చిమ్నీ చాలు. కానీ గోడ తీశాక హాలును కూడా లెక్కలోకి తేవాలి. రెండూ కలిపి పొడవు 25 అడుగులైతే 85 ఘనపు మీటర్లు. అప్పుడు 850 కావాలి. షాపువారికి వంటింటి కొలత మాత్రమే చెప్పి చిన్న చిమ్నీ కొనుక్కొస్తే ఫలితం ఉండదు.

గొట్టం లేని చిమ్నీలు కూడా అమ్ముతున్నారు. అవి నూనె జిడ్డును వడగట్టి, అదే గాలిని మళ్లీ ఇంట్లోకే వదులుతాయి. వేడి, ఆవిరి బయటికి పోవు. వేసవిలో ఇక్కడి ఎండలకు అది మరింత ఉక్కపోత. చిమ్నీకి డబ్బు చాలనివారు చింతించనక్కరలేదు. పొయ్యికి పైన, గోడ ఎత్తున ఒక ఎగ్జాస్టు ఫ్యాను, దానికి ఎదురుగా గాలి లోపలికి రావడానికి ఒక కిటికీ పెట్టించుకుంటే కొద్ది ఖర్చుతోనే చాలావరకు పని జరుగుతుంది. కిటికీ మూసి ఫ్యాను వేస్తే ప్రయోజనం శూన్యం.

సంగటికి తగిన పొయ్యి

రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం వచ్చాక పల్లెల్లో గ్యాసు పొయ్యి వింత కాకుండా పోయింది. 2024 నవంబరులో ప్రారంభమైన దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. కనుక వంటింటికి మొదటి సామాను గ్యాసు పొయ్యే. అయితే ఏ పొయ్యి?

అద్దం పలక వేసిన మూడు, నాలుగు బర్నర్ల పొయ్యిలు చూపుకు బాగుంటాయి. కానీ మన ఇళ్లలో రాగిసంగటి కెలకాలి. గిన్నెను కాళ్ల మధ్య బిగించినట్లు బిగించి, కట్టెతో బలంకొద్దీ తిప్పితేగాని ఉండలు విరగవు. ఆ ఒత్తిడికి పొయ్యి జరిగినా, గిన్నె ఒరిగినా ప్రమాదం. స్టీలు ఒళ్లు, ఇత్తడి బర్నర్లు, గిన్నె నిలిచే బరువైన ఇనుప స్టాండ్లు ఉన్న రెండు బర్నర్ల పొయ్యి మన వంటకు తగినది. షాపుకు వెళ్లేటప్పుడు ఇంట్లో సంగటి చేసే గిన్నెను సంచిలో వేసుకుని వెళ్లి, పొయ్యి మీద పెట్టి చూడడానికి మొహమాటపడనక్కరలేదు. పొయ్యి మీద ఐఎస్ఐ ముద్ర తప్పక చూడాలి.

ఇండక్షన్ పొయ్యి చాలామందిని ఆకర్షిస్తోంది. పాలు, టీ, వేన్నీళ్లకు అది బాగా పనికొస్తుంది. కానీ అయస్కాంతం అంటుకునే గిన్నెలు మాత్రమే దాని మీద కాగుతాయి. ఇత్తడి, రాగి, మట్టి పాత్రలకు, మనం సిల్వర్ అని పిలిచే అల్యూమినియం గిన్నెలకు అది పనిచేయదు. దాని అద్దం మీద సంగటి కెలకడం సాహసమే. ఇంట్లోని గిన్నెలకు ఒక అయస్కాంతం తాకించి చూసుకుంటే, ఇండక్షన్‌తో పాటు కొత్త గిన్నెలకు ఎంత పెట్టాలో ముందే తేలిపోతుంది.

గోడ తీసిన ఇంట్లో గ్యాసు బండ ఎక్కడ పెట్టాలన్నది మరో ప్రశ్న. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. కారితే పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. అందుచేత గట్టు కింద తలుపులు బిగించి బండను దాచేవారు, ఆ తలుపుల అడుగున గాలి ఆడే రంధ్రాలు ఉంచాలి. ఫ్రిజ్ లోపలి స్విచ్చు దానంతటదే పడుతూ లేస్తూ ఉంటుంది. ఆ నిప్పురవ్వ చాలు మంట అంటుకోవడానికి. కనుక ఫ్రిజ్‌ను బండ పక్కన పెట్టరాదు. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చునూ వేయరాదు, తీయరాదు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి.

బండ తీసుకునేటప్పుడు దాని మెడ దగ్గర పట్టీ మీద ఉండే ఇంగ్లీషు అక్షరం, అంకె చూడాలి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జూలై నుంచి సెప్టెంబరు, డీ అంటే చివరి మూడు నెలలు. పక్కన ఉన్న అంకె సంవత్సరం. ఆ గడువు దాటిన బండను తిప్పి పంపే హక్కు మనకుంది. రబ్బరు గొట్టాన్ని ఐదేళ్లకు మించి వాడకూడదు.

తడి లేని నేలలో ఎర్తింగు

కొత్త సామాను కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒక లెక్క వేయించుకోవాలి. ఇండక్షన్ 2,000 వాట్లు, గీజరు 2,000, మిక్సీ 750, ఫ్రిజ్ 150 అనుకుందాం. అన్నీ ఒకేసారి నడిస్తే 4,900 వాట్లు. అంటే 21 ఆంపియర్లకు పైమాటే. రెండు లైట్లకు, ఒక ఫ్యానుకు వేసిన పాత సన్న వైరు ఇంత బరువు మోయలేదు. వేడెక్కి గోడలోనే కాలుతుంది. వేడి పుట్టించే సామాన్లకు విడిగా లావు వైరు, పెద్ద ప్లగ్గు, షాకు కొడితే వెంటనే కరెంటు ఆపివేసే స్విచ్చు వేయించుకోవాలి.

ఇక్కడ మన ప్రాంతానికే చెందిన ఇబ్బంది ఒకటుంది. ఇంట్లో మూడో వైరు, అంటే ఎర్తు, భూమిలోకి దిగుతుంది. నేలలో తడి ఉంటేనే అది కరెంటును లాగేసుకుంటుంది. అవిభక్త అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎండాకాలంలో నేల మూరెడు లోతు వరకు పొడిబారిపోతుంది. అప్పుడు ఎర్తు వైరు ఉన్నా లేనట్టే. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జిల్లుమంటోందంటే కారణం తరచు ఇదే. బొగ్గు, ఉప్పు వేసి తీసిన ఎర్తు గుంటలో వేసవిలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయాలి. గిన్నెలు కడిగిన నీరు పారే వైపు గుంట తీయిస్తే నీటి ఖర్చు కూడా తప్పుతుంది. వేలు పోసి ఫ్రిజ్ కొనేవారు దీనికి పెట్టే కొద్ది రూపాయలకు వెనుకాడరాదు. ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

మిక్సీ పుట్టిందే రిపేరు లేక

మిక్సీ కథ తెలుసుకోదగినది. 1960 దశకం మొదట్లో ముంబయిలో మాధురీ మాథుర్ అనే గృహిణి వాడుతున్న జర్మనీ మిక్సీ కాలిపోయింది. దానిని బాగుచేసేవారు ఇక్కడ దొరకలేదు. ఇంజనీరైన ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ మన పప్పులు, మసాలాలు నలిగేటంత బలమైన మోటారుతో కొత్త యంత్రం తయారుచేశారు. అదే సుమీత్ మిక్సీ. 1963లో కంపెనీ ఏర్పడింది. పరాయి దేశపు వంటకు చేసిన యంత్రం మన వంటకు ఆగదని ఆనాడే రుజువైంది. నేటికీ ఆ పాఠం వర్తిస్తుంది.

వేయించిన చెనిక్కాయల పొడి, ఎండుమిరప కారం కొట్టే ఇంట్లో 500 వాట్ల మిక్సీ త్వరగా వేడెక్కుతుంది. 750 వాట్లది మేలు. ఏకబిగిన నడపకుండా, నిమిషం తిప్పి అరనిమిషం ఆపాలి. మిక్సీ హఠాత్తుగా ఆగిపోతే కాలిపోయిందని హడావుడిగా పట్నానికి మోసుకుపోతున్న వారున్నారు. చాలా మిక్సీల అడుగున ఒక ఎర్ర బొత్తాం ఉంటుంది. బరువు ఎక్కువైతే మోటారును కాపాడడానికి అది బయటికి వస్తుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి దానిని నొక్కితే మళ్లీ నడుస్తుంది. బస్సు చార్జీ మిగులుతుంది.

దోసెల పిండికి గ్రైండరు మేలా, మిక్సీ మేలా? గ్రైండరు కోయంబత్తూరు వారి సృష్టి. 1955లో అక్కడి పి. సభాపతి దానికి రూపమిచ్చారు. అందులో తిరిగేది రాయి గనుక పిండి వేడెక్కదు, బాగా పొంగుతుంది. ఆరుగురికి మించిన ఇంట్లో వారానికి రెండు మూడు సార్లు దోసెలు పోసేవారికి, పండుగకు ఓళిగల పూర్ణం రుబ్బుకునేవారికి అది దండుగ కాదు. చిన్నది 150 వాట్లే లాగుతుంది. నలుగురున్న ఇంటికి మిక్సీ చాలు. ఊరిబిండికి మాత్రం రోలును మించినది లేదని రుచి తెలిసినవారి మాట. గట్టు మీద చోటు లేదని రోలును వీధిలో పారవేయకుండా పెరట్లో నిలుపుకుంటే కరెంటు లేని పూట ఆదుకుంటుంది.

ఫ్రిజ్: నక్షత్రం కన్నా యూనిట్లు చూడండి

ఫ్రిజ్ మీద అతికించే నక్షత్రాల చీటీని అందరూ చూస్తారు. దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో అంకెల్లో ఉంటుంది. దానిని చూసేవారు తక్కువ. చీటీ మీద సంవత్సరం కూడా చూడాలి. నియమాలు మారుతూ, కఠినమవుతూ వస్తాయి గనుక పాత సంవత్సరపు ఐదు నక్షత్రాలు, కొత్త సంవత్సరపు ఐదు నక్షత్రాలు ఒకటి కావు. ఒక ఫ్రిజ్ 150 యూనిట్లు, మరొకటి 220 యూనిట్లు అనుకుందాం. తేడా 70 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయల లెక్కన ఏడాదికి 420, పదేళ్లకు 4,200 రూపాయలు. రెండింటి ధరల్లో తేడా అంతకన్నా తక్కువైతే ఖరీదైనదే చౌక. 180, 190 లీటర్ల ఒక్క తలుపు ఫ్రిజ్ మామూలు కుటుంబానికి సరిపోతుంది. వోల్టేజి హెచ్చుతగ్గులు ఎంతవరకు తట్టుకుంటుందో చీటీలో చదివి, అవసరమైతే స్టెబిలైజరు పెట్టుకోవాలి.

ఫ్రిజ్ కొనలేనివారికి మన ఎండు గాలే ఒక వరం. గాలి ఎంత పొడిగా ఉంటే తడి అంత త్వరగా ఆరి, అంత చల్లదనం ఇస్తుంది. గుజరాత్‌లోని వాంకానేర్‌కు చెందిన కుమ్మరి మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి ఈ సూత్రంతోనే కరెంటు అక్కరలేని ‘మిట్టీకూల్’ మట్టి ఫ్రిజ్ తయారుచేశారు. ఆఫ్రికాలోని నైజీరియాలో మహమ్మద్ బాహ్ అబ్బా అనే ఉపాధ్యాయుడు కుండలో కుండ పెట్టి, నడుమ తడి ఇసుక పోసి, కూరగాయలు రోజుల తరబడి నిలిచేలా చేశారు. దానికి 2000 సంవత్సరంలో రోలెక్స్ అవార్డు లభించింది. రెండు కుండలు, బుట్టెడు ఇసుకతో మన ఇంట్లోనూ చేసుకోవచ్చు. వేసవిలో టమోటా, ఆకుకూర నిలుస్తాయి. పాలు, మాంసం మాత్రం అందులో ఉంచరాదు.

నీళ్ల యంత్రాలతో జాగ్రత్త

నీటిశుద్ధి యంత్రం కొనే ముందు నీటిని పరీక్ష చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో ఈ పరీక్షలు చేస్తారు. మన జిల్లా బోరునీళ్లలో అనేక చోట్ల ఫ్లోరైడు ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు చేటు. నీళ్లు కాచినా ఫ్లోరైడు పోదు. క్యాండిల్ ఫిల్టరుకు, దీపపు కాంతితో శుద్ధి చేసే యంత్రాలకు కూడా లొంగదు. ఆర్‌వో యంత్రం తొలగిస్తుంది గాని, లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఆ నీటిని తొట్టిలో పట్టి ఇల్లు తుడవడానికి, గిన్నెల మొదటి కడుగుకు వాడుకోవాలి. ఫ్లోరైడు లేని కొళాయి నీరు వస్తున్నవారికి ఆర్‌వోతో పనే లేదు.

గిన్నెలు కడిగే యంత్రం నిజానికి నీళ్లు తక్కువే వాడుతుంది. కానీ ఉప్పునీటికి దాని గొట్టాలు సున్నం పట్టి పూడిపోతాయి. ప్రత్యేకమైన ఉప్పు, సబ్బు నెలనెలా కొనాలి. చెడితే బాగుచేసేవాడు దగ్గరలో దొరకడు. మన మూడు ప్రశ్నల్లో రెండింటికి అది తట్టుకోదు. ఆ డబ్బుతో రెండు తొట్ల సింకు, నిండా నీరు పట్టే ట్యాంకు పెట్టించుకోవడం తెలివైన పని.

ఏది ముందు, ఏది వెనుక

అన్నీ ఒకేసారి కంతుల మీద తెచ్చుకోవడం చెనిక్కాయ పంట మీద బతికే ఇంటికి మంచిది కాదు. వాన తప్పితే కంతు తప్పుతుంది. వడ్డీ లేదని చెప్పే కంతుల్లోనూ కాగితాల ఖర్చు పేరిట కొంత పట్టుకుంటారు. మొత్తం ఎంత కట్టాలో ఒక కాగితం మీద రాయించుకుని, రొక్కం ధరతో పోల్చి చూడాలి. మొదట వైర్లు, ఎర్తు, గాలి దారి. తరువాత పొయ్యి. ఆ తరువాత మిక్సీ. పంట డబ్బు చేతికి వచ్చాక ఫ్రిజ్. చిమ్నీ, గ్రైండరు, తక్కినవి ఇంటి అవసరాన్ని బట్టి చివర.

మరొక్క మాట. వంటగట్టు ఎత్తును మేస్త్రీ తన నడుముకు కొలుస్తాడు, ఫ్రిజ్‌ను మగవారు వెళ్లి ఎంచుతారు. రోజూ వాటి ముందు నిలబడేది ఆడవారు. గట్టు, వంట చేసే మనిషి మోచేతికి నాలుగంగుళాలు దిగువన ఉంటేనే వెన్ను నొప్పి రాదు. పై అరలు ఆమె చేతికి అందాలి. కనుక మేస్త్రీ కొలత తీసేటప్పుడు ఆమెను గట్టు దగ్గర నిలబెట్టాలి. షాపుకు వెళ్లేటప్పుడు ఆమెను వెంట తీసుకువెళ్లాలి. బిల్లు, గ్యారంటీ చీటీ మీద షాపు ముద్ర, తేదీ వేయించుకుని భద్రపరచడం మరువరాదు.